తినకముందు ఎంత, తిన్నాక ఎంత: గ్లూకోమీటర్ దీర్ఘకాల వాడకంపై సమీక్ష

తిన్న రెండు గంటలకు మీటరు రక్తంలో షుగర్ 178 (డెసిలీటరుకు మి.గ్రా.లలో) చూపింది. బాగున్నట్టా, లేనట్టా? ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. తినకముందు 142 ఉంటే భోజనం పెంచింది 36 మాత్రమే. అప్పుడు తిండిని తప్పుపట్టి లాభం లేదు, ముందు నుంచే ఎక్కువున్న షుగర్ సంగతి చూడాలి. తినకముందు 95 ఉంటే మాత్రం పెరిగింది 83. అప్పుడు కంచం వంక చూడాల్సిందే. ఏళ్ల తరబడి వాడాక ఈ పరికరం గురించి నా అభిప్రాయం ఇదే: విడి రీడింగులకు దీన్ని వాడితే రక్తపు చుక్క వేసే స్ట్రిప్పులు దండగ, తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి చొప్పున జంటగా వాడితే పెట్టిన ప్రతి పైసాకూ పని చేస్తుంది.

ముందుగా దీని కచ్చితత్వం ఎంతో తెలియాలి. ఇలాంటి మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 15197, 2013 నాటి కూర్పు ప్రకారం, షుగర్ 100 మి.గ్రా. లేదా అంతకు మించి ఉన్నప్పుడు 95 శాతం రీడింగులు ప్రయోగశాల విలువకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉండాలి. 100 లోపైతే 15 మి.గ్రా. అటూ ఇటూ. అంటే అసలు షుగర్ 160 ఉన్నప్పుడు మీటరు 136 చూపినా, 184 చూపినా ప్రమాణం దాటినట్టు కాదు. వెంట వెంటనే రెండుసార్లు గుచ్చుకుని 151, 163 వచ్చాయని మీటరు చెడిపోయిందనుకునేవారు చాలామంది. అది చెడిపోవడం కాదు, దాని స్వభావమే అంత. కాబట్టి జంట రీడింగుల్లో పది, పదిహేను తేడాను నేను లెక్కలోకే తీసుకోను. అదే భోజనానికి మూడు నాలుగు జంటలు చూసి, అన్నిట్లోనూ పెరుగుదల 50 దాటితే అప్పుడు నమ్ముతాను. ఈ 50 నేను పెట్టుకున్న గీత, వైద్య ప్రమాణం కాదు.

ప్రమాణాలంటే, గర్భిణులు కాని చాలామంది పెద్దలకు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే లక్ష్యం భోజనానికి ముందు 80 నుంచి 130, తినడం మొదలుపెట్టిన గంట, రెండు గంటల మధ్య 180 లోపు. గర్భిణులకు గీత ఇంకా కిందికి దిగుతుంది: పరగడుపున 95, గంటకు 140, రెండు గంటలకు 120 లోపు. వయసు మళ్లినవారికి, షుగర్ తరచూ పడిపోయేవారికి డాక్టర్లు గీతను కాస్త పైకి జరుపుతారు. వీటిని నిర్ధారణ అంకెలతో కలపకూడదు. పరగడుపున 126, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 అనేవి ప్రయోగశాలలో తేల్చాల్సినవి. మామూలు భోజనం చేసి ఇంటి మీటరుతో చూసుకుని జబ్బు ఉందనో లేదనో తేల్చుకోవడం పొరపాటు.

ఎక్కువ మంది తప్పేది సమయం దగ్గర. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, చేయి కడిగినప్పటి నుంచి కాదు. 1:10కి మొదలుపెట్టి 1:40కి ముగిస్తే చూడాల్సింది 3:10కి. ఆ అరగంట తేడాకే అంకె దిగిపోయి, భోజనం మంచిదన్న భ్రమ కలుగుతుంది. మధ్యలో ఏదైనా చిరుతిండి పడితే ఆ జంట రద్దు, మరో రోజు చూసుకోవడం నయం. నూనె, నెయ్యి, మాంసం ఎక్కువైన భోజనాలది మరో తంతు. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి రెండు గంటలకు 150 చూపి, నాలుగో గంటకు 210కి ఎక్కవచ్చు. అలాంటివాటికి నాలుగో గంటకు మూడో స్ట్రిప్ ఖర్చు పెట్టక తప్పదు. తీపి పానీయాల్లాంటివి గంటలోపే శిఖరం ఎక్కి దిగుతాయి. వాటిని రెండు గంటలకు చూస్తే దొంగ వెళ్లిపోయాక తలుపు తీసినట్టే.

పరగడుపు రీడింగు దీనికన్నా మొండిది. ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున 155 ఎందుకు? తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి, కాలేయం గ్లూకోజ్ వదులుతుంది, దాన్ని అదుపు చేసేంత ఇన్సులిన్ అందదు. మూడు రీడింగులతో ముడి విప్పవచ్చు: పడుకునే ముందు, రాత్రి మూడింటికి, లేవగానే. పడుకునేటప్పుడే 160 ఉంటే రాత్రి భోజనం సంగతి చూసుకోవాలి. మూడింటికి 115 ఉండి పొద్దునకు 155 అయితే అది తెల్లవారుజాము పెరుగుదల. మూడింటికి 70 కన్నా తక్కువుంటే మందు మోతాదు గురించి డాక్టరుతో వెంటనే మాట్లాడాలి. సొంతంగా మోతాదు మార్చకూడదు.

ఇక వేలి దగ్గర జరిగే పొరపాట్లు. పండు తొక్క తీసిన చేత్తో గుచ్చుకుంటే 120 ఉన్నవారికి 200 పైన కూడా రావచ్చు. శానిటైజర్ రాస్తే చర్మం మీది చక్కెర పోదు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, తడి మిగిలితే చుక్క పలచబడి అంకె తగ్గుతుంది. కడిగే వీలు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క వాడాలి. వేలి కొనకు పక్కగా గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రాలేదని వేలిని గట్టిగా పిండితే రక్తంలో కణజాల ద్రవం కలిసి అంకె తప్పుతుంది. చేయి కిందికి వేలాడదీసి, మొదలు నుంచి కొన వైపు మెల్లగా నిమిరితే చాలు.

స్ట్రిప్పుల మీద నా అసలు ఫిర్యాదు తేమ గురించి. డబ్బా మూతలోనో, గోడలోనో తేమ పీల్చే పదార్థం ఉంటుంది. మూత తెరిచి మరిచిపోయినా, స్ట్రిప్పులను వేరే డబ్బాలోకి మార్చినా వాటిమీద గ్లూకోజ్‌ను పసిగట్టే ఎంజైమ్ దెబ్బతింటుంది. విచిత్రమేమిటంటే చాలాసార్లు మీటరు ఎర్రర్ చూపదు, తప్పు అంకె చూపుతుంది. అందుకే డబ్బా తెరిచిన తేదీ దానిమీదే రాయాలి. అనుమానం వస్తే కంట్రోల్ సొల్యూషన్ (గ్లూకోజ్ ఎంతో ముందే తెలిసిన పరీక్ష ద్రావణం) చుక్క వేసి, డబ్బా మీద ముద్రించిన హద్దుల్లో వస్తుందో లేదో చూడాలి. ఈ ద్రావణం ఉందనే చాలామందికి తెలియదు. రక్తహీనత ఉంటే కొన్ని స్ట్రిప్పులు అసలుకన్నా ఎక్కువ చూపుతాయి. విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకున్నా కొన్నిటి అంకెలు తప్పుతాయి.

ల్యాబుతో సరిచూసుకోవాలంటే పరగడుపునే చూడాలి. ల్యాబులో నరం నుంచి రక్తం తీసిన కొద్ది నిమిషాల్లోనే వేలు గుచ్చుకోవాలి. తిన్నాక పోల్చడం న్యాయం కాదు. అప్పుడు వేలి రక్తంలో గ్లూకోజ్ నరం రక్తం కన్నా నిజంగానే ఎక్కువ ఉంటుంది, మీటరు తప్పేమీ లేదు.

మీటరు తనంతట తాను చూపే సగటును మాత్రం నమ్మలేం. రోజూ పొద్దున మాత్రమే చూసుకునేవారికి అది పొద్దుటి సగటు, అంతే. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష హెచ్‌బిఎ1సి. అది 7 శాతమంటే సగటు షుగర్ దాదాపు 154, 8 శాతమంటే 183. మీటరు సగటు 125 చూపుతుంటే హెచ్‌బిఎ1సి 7.8 వచ్చిందనుకోండి, ముందుగా అనుమానించాల్సింది ఎవరూ కొలవని భోజనానంతర గంటలను. రక్తహీనత లాంటివి కూడా హెచ్‌బిఎ1సిని తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి డాక్టరుకు రెండూ చూపాలి.

70 కన్నా తక్కువ వస్తే మాత్రం జంటలూ లెక్కలూ పక్కన పెట్టాలి. స్పృహలో ఉండి మింగగలిగితే త్వరగా ఒంటబట్టే పిండిపదార్థం (గ్లూకోజ్, చక్కెర లాంటివి) 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, అప్పటికీ 70కి చేరకపోతే మళ్లీ 15 గ్రాములు. వణుకు, చెమట ఉండి మీటరు 110 అంటుంటే చేతులు కడిగి ఇంకోసారి గుచ్చుకోవాలి.

రోజుకు రెండు స్ట్రిప్పులే ఖర్చు పెట్టగలిగినవారికి ఈ పద్ధతి సరిపోతుంది: ఒకరోజు పొద్దుటి తిండికి జంట, మర్నాడు మధ్యాహ్నానికి, ఆ మర్నాడు రాత్రికి. రెండు వారాల్లో ప్రతి పూటకూ నాలుగైదు జంటలు చేతికొస్తాయి. పుస్తకంలో అంకెల పక్కన మొదటి ముద్ద వేళ, తిన్నదేమిటి, మందు వేసుకున్న వేళ, నడక ఉంటే ఎన్ని నిమిషాలో కూడా రాయాలి. మీటరు గడియారం బ్యాటరీ మార్చినప్పుడు కొన్నిటిలో తప్పుతుంది, దాన్ని సరిచేయకపోతే జ్ఞాపకంలో ఉన్న వందల రీడింగుల్లో ఏది తినకముందుదో, ఏది తిన్నాకదో పోల్చుకోలేం.