బిట్రగుంట యార్డులో డబ్ల్యుజీతో తొమ్మిదేళ్ల షంటింగు

1970లలో నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే యార్డులో బొగ్గు వేసి మంట చూసుకునే ఫైర్‌మన్‌గా, ఆ తర్వాత షంటింగు (వ్యాగన్లను విడదీసి, జరిపి, కూర్చే పని) ఇంజన్ నడిపే షంటరుగా మొత్తం తొమ్మిదేళ్లు డబ్ల్యుజీ తరగతి ఆవిరి ఇంజన్ల మీద పనిచేశాను. ఆవిరి ఇంజన్ అనగానే అందరూ కూతను, పొగను తలుచుకుంటారు కానీ, నాకు ముందుగా గుర్తొచ్చేది మెడనొప్పి.

డబ్ల్యుజీ షంటింగు కోసం చేసిన ఇంజన్ కాదు. 1950లో చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారం నుంచి వెలువడిన తొలి ఇంజన్ ‘దేశబంధు’ ఈ తరగతిదే. మెయిన్ లైను మీద గూడ్సు బళ్లు లాగడానికి పుట్టింది. 18 టన్నుల బొగ్గు, 5,000 గ్యాలన్ల నీళ్లు పట్టే టెండరు (ఇంజన్ వెనక తగిలించిన బండి) దూరప్రయాణానికి ఎంత ఉపయోగమో, యార్డులో అంత అడ్డం. వెనక్కి నడిపేటప్పుడు కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, పగలైతే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చేతి జెండాను, రాత్రయితే లాంతరును వెతుక్కోవాలి. లైను అవతలికి వంపు తిరిగితే ఫైర్‌మన్ చూసి చెప్పిందే ఆధారం. దానికితోడు, ఇంజన్ దిశ మార్చే రివర్సరు స్క్రూది. దిశ మారిన ప్రతిసారీ పిడి గిరగిరా తిప్పవలసి రావడంతో ఒక రేకును (వ్యాగన్ల వరుసను) విడదీసి కూర్చేసరికి భుజాలు పడిపోయేవి.

లాగుడులో మాత్రం వంక పెట్టలేను. సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటరు కాస్త తెరవగానే నిండు వ్యాగన్ల వరుస కదిలేది, కప్లింగులు బిగుసుకుంటున్న చప్పుడు చివరి వ్యాగను దాకా పాకేది.

ఫైర్‌మన్‌కు మెయిన్ లైను కంటే షంటింగే కష్టం. అరగంట ఊరికే నిలబడ్డాక ఒక్కసారిగా లాగమంటారు. మంట ఎక్కువైతే సేఫ్టీ వాల్వు లేచి ఆవిరి వృథాగా పోతుంది, తగ్గితే ప్రెషరు పడిపోతుంది. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి గ్రేటును (నిప్పు కింది ఇనుప జాలీని) మాటిమాటికీ కదిలించాలి. కొత్తలో ఒక రాత్రి వాల్వు లేవకూడదని బాయిలర్లోకి నీళ్లు పంపే ఇంజెక్టరు పెట్టి, నీటిమట్టం చూపే గేజి గ్లాసు పైఅంచు దాకా నీళ్లు నింపేశాను. డ్రైవరు రెగ్యులేటరు తెరవగానే ఆవిరితోపాటు నీళ్లు సిలిండర్లలోకి వెళ్లాయి. చిమ్నీలోంచి మసినీళ్లు మా మీద కురిశాయి. రెగ్యులేటరు మూసినా ఇంజన్ వెంటనే ఆగలేదు. ఆయన నీళ్లు బయటికి వదిలే సిలిండరు కాక్సు తెరిచి స్టీమ్ బ్రేకు వేసినా, నిలబడి ఉన్న వ్యాగన్లను బఫర్లు గట్టిగానే గుద్దాయి. “ఏందబ్బయా, నీళ్లు పెట్టమంటే బాయిలర్ని ముంచేశావా?” అన్నారాయన, ముఖం మీది మసి తుడుచుకుంటూ. ఆ తర్వాత ఏ రాత్రీ గ్లాసు సగం దాటనివ్వలేదు.

తర్వాత కొంతకాలం డబ్ల్యుడీఎస్-4 అనే షంటింగు డీజిల్ ఇంజన్ మీద పనిచేశాను. అందులో దారి చక్కగా కనిపిస్తుంది, నిప్పు రాజేయడానికి గంటల ముందు డ్యూటీకి రానక్కరలేదు. అందుకే మెయిన్ లైనులో డబ్ల్యుజీకి నిండు మార్కులు వేసినా, యార్డులో సగానికి మించి వేయలేను. కాకపోతే రాత్రి డ్యూటీలో క్యారియరు వేడిచేసుకోవడానికి ఫైర్‌హోలు (బొగ్గు వేసే రంధ్రం) పైనున్న అర లాంటిది డీజిల్లో లేదు. పులుసు చల్లగానే తినవలసి వచ్చేది.