ఎగ్జిట్ రో సీటు: ఆరేళ్ల తర్వాత

బెంగళూరు, వైజాగ్ మధ్య ఆరేళ్లుగా తిరుగుతున్నా. ఎయిర్‌బస్ ఏ320 విమానమైతే 12ఎఫ్, అది దొరక్కపోతే 13ఎఫ్. రెండూ ఎగ్జిట్ రో సీట్లే, అంటే రెక్క దగ్గరి అత్యవసర తలుపు పక్కవి. అదనంగా డబ్బు కట్టి మరీ. ఆరడుగుల మనిషిని. మామూలు సీట్లో మోకాళ్లు ముందు సీటుకి గుద్దుకుంటాయి, ఇక్కడ కాళ్లు బార్లా చాపుకోవచ్చు. ఆ ఒక్క సుఖానికే ఈ సీటుని ఆఫీసులో అందరి దగ్గరా తెగ పొగిడాను.

పొగిడేటప్పుడు మింగేసినవి కొన్ని ఉన్నాయి. 12వ వరస వెనక్కి వాలదు. కిటికీ పక్కన చలి. కాళ్ల దగ్గర చిన్న సంచి కూడా ఉంచనివ్వరు, అన్నీ పై అరలోకే. ఈ చివరిదే నా కొంప ముంచబోయింది.

మొన్న సంక్రాంతి నుంచి తిరిగొస్తూ బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లిలో దిగాం. విమానం గేటు వైపు పోతుండగా వైరు కాలినట్టు వాసన. వెనక ఎవరో "పొగ, పొగ" అని అరిచారు. సగం మంది లేచారు. నేనూ లేచాను. లేచి పైన మూత తీసి బ్యాగు పట్టుకున్నాను. అందులో లాప్‌టాప్, ఆఫీసు వాళ్లకని కొన్న మాడుగుల హల్వా. ప్రతిసారీ ఎయిర్‌హోస్టెస్ వచ్చి "అవసరమైతే తలుపు తీస్తారా?" అని అడిగితే ఫోన్లోంచి తలెత్తకుండా "యెస్" అన్న మనిషినే, ఆ తలుపుకి వీపు పెట్టి హల్వా దించుతున్నా! పక్కసీటు పెద్దాయన నా చొక్కా పట్టి లాగాడు. "ముందా తలుపు సంగతి సూడు బాబూ, బేగు ఎక్కడికీ పోదు."

కాసేపటికి ప్రమాదమేమీ లేదని కూర్చోబెట్టారు. వాసన ఎందుకొచ్చిందో చెప్పలేదు.

తర్వాతి ప్రయాణంలో మొదటిసారి ముందు సీటు జేబులో ఉండే సేఫ్టీ కార్డు చదివాను. ఏ320లో ఈ తలుపు తెరుచుకోదు, ఊడొస్తుంది. పలక మొత్తం లోపలికి, మన చేతుల్లోకి. దాన్ని బయటికి విసిరేయాలి. బరువు 15 కిలోల దాకా, అంటే ఖాళీ గ్యాస్ బండంత. వెనక నుంచి జనం తోస్తుంటే, ఖాళీ బండని కిటికీలోంచి విసరాలన్నమాట. బోయింగ్ 737ల్లో కొత్తతరం వాటిలో ఈ తలుపుకి పైన కీలు పెట్టారు. హ్యాండిల్ లాగితే తనే బయటికి, పైకి లేస్తుంది. అన్నిట్లోనూ అలా ఎందుకుండకూడదు?

1985లో మాంచెస్టర్‌లో టేకాఫ్ పరుగు తీస్తున్న ఒక పాత 737 అంటుకుని 55 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. అందులో రెక్క పక్క తలుపు, 22 కిలోలది, ఊడి సీట్లోని మనిషి మీదే పడింది. ఆ తర్వాతే ఈ తలుపుల దగ్గర వరసల మధ్య జాగా పెంచాలని బ్రిటన్ పట్టుబట్టింది. అంటే నేను డబ్బిచ్చి కొంటున్నది నా కాళ్ల కోసం వదిలిన చోటు కాదు, వెనకవాళ్లు పారిపోవడానికి వదిలిన దారి. ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ అని పేరు పెట్టి వాళ్లు అమ్ముతున్నారు, మురిసిపోతూ నేను కొంటున్నా.

బ్యాగుల పిచ్చి నా ఒక్కడిదే కాదులెండి. 2016లో తిరువనంతపురం నుంచి వెళ్లిన విమానం దుబాయ్‌లో కూలినప్పుడు, లోపల పొగ కమ్ముతుంటే జనం పై అరలు వెతుక్కోవడం వీడియోలో ఉంది. ఆ 300 మందీ బయటపడ్డారు, మంటలార్పడానికి వచ్చిన ఒకతను మాత్రం పోయాడు. 2024 జనవరిలో టోక్యో హనేడాలో తగలబడుతున్న ఏ350 నుంచి 379 మంది సామాన్లు వదిలేసి దిగిపోయారు.

అందుకే పై అరలకి సిబ్బంది ఒక్క మీటతో తాళం వేసే ఏర్పాటు ఉండాలని నా గోల. తాళం పడితే జనం మూత గుంజుతూ ఇంకాసేపు అక్కడే నిలబడతారని మా ఫ్రెండు అంటాడు. ఆ రోజు నన్ను నేను చూసుకున్నాక గట్టిగా కాదనలేకపోతున్నా. పోనీ మూతల మీద ఎర్రదీపమైనా వెలిగితే నా చెయ్యి ఆగేదేమో.

పొడుగువాళ్లకి, ఒంటరిగా తిరిగేవాళ్లకి ఈ సీటు ఇప్పటికీ బాగుందనే అంటాను, భుజాల్లో సత్తువ ఉంటేనే. నడుంనొప్పి ఉంటే వద్దు. మా ఆవిడా పిల్లాడూ వెంట ఉన్నప్పుడు ఎలాగూ ఇవ్వరు. వచ్చే నెలకి మళ్లీ 12ఎఫ్ తీసుకున్నా. హల్వా మాత్రం చెక్-ఇన్ సామానులో వస్తుంది.