తెరిచిన డ్రమ్మా, పాత గీజర్ ట్యాంకా?

వాడేసిన వంటనూనెతో ఇంట్లో బయోడీజిల్ చేయాలనుకునేవాళ్లకు ముందుగా కంటబడేది 200 లీటర్ల ఇనుప డ్రమ్ము. పైమూత కోసేసి, డ్రిల్లుకు పొడవాటి కడ్డీ తగిలించి కలిపేస్తారు. ఖర్చు తక్కువ, లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది. దాని సుగుణాలు అక్కడితో సరి.

నూనెను 55 డిగ్రీల దాకా వేడిచేసి, కాస్టిక్ సోడా కరిగించిన మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) పోయాలి. మిథనాల్ మరిగేది 65 డిగ్రీల దగ్గర. కానీ నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకోవడానికి 11, 12 డిగ్రీలు చాలు! అంటే మన చలికాలపు మధ్యాహ్నం కూడా ఎక్కువే. తెరిచిన డ్రమ్ము మీద ఆవిరి, పక్కనే నిప్పురవ్వలు రాల్చే డ్రిల్లు. పైగా మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు.

అమెరికాలో ఇంటి తయారీదారులు చాలామంది పాత కరెంటు గీజర్ ట్యాంకు వైపు మళ్లారు. లోపల గాజుపూత, బయట వేడి నిలిపే పొర ఉంటాయి. పంపు అడుగు నుంచి లాగి పైకి తిప్పుతూ కలుపుతుంది. ఎలిమెంటు పూర్తిగా మునగందే స్విచ్ వేయకూడదు, మిథనాల్ పోసేముందు హీటర్ ఆపేయాలి. గాలి చొరకుండా బిగించేసినా ప్రమాదమే, ఆవిరి గొట్టాన్ని ఆరుబయటికి తీయాలి. అల్యూమినియం, జింకు పూత ఫిట్టింగులు వద్దు. కాస్టిక్ వాటిని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది.

డ్రమ్మును నేనైతే నూనె తేర్చడానికి ఉంచుకుంటాను. మిథనాల్‌ను మాత్రం దాని దరికి రానివ్వను.