బాలెర్: అలల కోసం కాదు, ఆ చర్చి కోసం వెళ్లండి

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఎవరిని అడిగినా, తూర్పు తీరంలోని బాలెర్ ఊరంటే సర్ఫింగే అంటారు. అలలు బాగుంటాయి, కాదనను. కానీ సియెర్రా మాద్రె కొండలు దాటి అంత దూరం పోవడానికి నా లెక్కలో అసలు కారణం ఊరి నడిమధ్యన ఉన్న చిన్న చర్చి. అందులో ఒక స్పానిష్ అధికారి, రాని ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ, కాళ్లు వాచి చచ్చిపోయాడు.

ముందు ప్రయాణం సంగతి. మనీలా మహానగరంలోని క్యూబావో నుంచి నేరుగా వెళ్లే బస్సులున్నాయి, ఐదారు గంటలు పడుతుంది. అందరూ రాత్రి బస్సు ఎక్కమంటారు గానీ నేనైతే పగటి బస్సుకే ఓటు వేస్తాను. నువేవా ఎసీహా ప్రావిన్సు దాటేదాకా రెండు పక్కలా వరి చేలే, గోదావరి జిల్లాల్లో పోతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత కొండ మలుపులు మొదలవుతాయి. వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లు అడిగి తీసుకోండి. ఏసీ వణికిస్తుంది, శాలువా మరిచిపోవద్దు. రోడ్డున్న ఈ రోజుల్లోనే ఇంత దూరం అనిపిస్తే, 1898లో సముద్రం మీదో, కొండదారిన కాలినడకనో తప్ప ఊళ్లోకి రాలేని రోజుల్లో ఎలా ఉండేదో ఊహించుకోండి.

బస విషయంలో నా సలహా: సబాంగ్ బీచ్ మీద వద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అలల సీజను, గదుల రేట్లు అప్పుడు చుక్కలంటుతాయి. మేం ఒక పూట దిగిన బీచ్ గదిలో అర్ధరాత్రి దాటినా పాటలు ఆగలేదు, బాత్రూములో నీళ్లు సన్నగా కారాయి. మర్నాడే ఊళ్లో ఒక హోమ్‌స్టేకి మారిపోయాం. వేడినీళ్లు బకెట్లో తెచ్చిస్తారు, కరెంటు ఒకసారి పోయింది, అయినా ప్రాణం హాయిగా ఉంది. చర్చి, మ్యూజియం నడక దూరం. బీచ్‌కి ట్రైసికిల్ (పక్కన తొట్టి తగిలించిన మోటారుసైకిల్) ఎప్పుడైనా దొరుకుతుంది, ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి.

ఇక చర్చి. ఇప్పుడున్నది పాతది కాదు, తర్వాత కట్టింది. బయట గోడ మీది ఫలకం చదివి ఫొటో తీసుకుని పోయేవాళ్లే ఎక్కువ. కాస్త కూర్చోండి. అప్పట్లో ఫిలిప్పీన్స్ స్పెయిన్ పాలనలో ఉండేది. కెప్టెన్ ఎన్రికే దె లాస్ మొరేనాస్ 1898 ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చాడు, బాలెర్ ఉన్న ఎల్ ప్రిన్సిపె జిల్లాకి పాలనా, సైన్యమూ రెండూ చూసే అధికారిగా. కింద యాభై మంది సైనికులు. ఏప్రిల్‌లో అమెరికాతో యుద్ధం మొదలైంది, టపా ఆగిపోయింది. జూన్ చివర్లో ఫిలిప్పీనో విప్లవకారులు ఊరిని చుట్టుముడితే అందరూ చర్చిలో దూరి తలుపులు బిగించుకున్నారు. మొదట్లో మర్యాదలు కూడా నడిచాయి. బయటివాళ్లు సిగరెట్లు పంపితే ఈయన షెర్రీ సీసా పంపాడు.

తర్వాత తిండి కుళ్లింది. తాజా కూరాకు లేదు. సెప్టెంబరులో చర్చి ఫాదర్, అక్టోబరులో లెఫ్టినెంట్ అలోన్సో, నవంబరు 22న మొరేనాస్ పోయారు. ముగ్గురిదీ బెరిబెరే. పాదాల దగ్గర వాపు మొదలై పైకి పాకి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు. మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ ఒకప్పుడు ఇది ఎంత ఉండేదంటే, 1830ల్లోనే మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ దాని మీద ప్రత్యేకంగా పరిశోధించాడు. ఈ చర్చి సైనికుల్లో తూటాకి పోయినవాళ్లకన్నా జబ్బుకి పోయినవాళ్లే చాలా ఎక్కువ. డిసెంబరులో ఒక రోజు తెగించి బయటికి దూకి, చుట్టుపక్కల ఇళ్లు తగలబెట్టి, గుమ్మడి తీగలు, ఆకులు కోసుకొచ్చాకే మిగతావాళ్లు తేరుకున్నారు.

నన్ను పట్టి ఉంచింది మాత్రం ఆ తర్వాతి ముక్క. డిసెంబరు 10న పారిస్‌లో సంధి అయిపోయింది, స్పెయిన్ రెండు కోట్ల డాలర్లకి ఫిలిప్పీన్స్‌నే అమెరికాకి వదిలేసుకుంది. 1899 ఫిబ్రవరిలో స్పానిష్ కెప్టెన్ ఓల్మెదో, ఊరు ఖాళీ చేసి రమ్మనే ఆదేశం తెచ్చాడు. అది మొరేనాస్ పేరున వచ్చింది. అప్పటికాయన చర్చిలోనే పూడ్చి ఉన్నాడు. పగ్గాలు పట్టిన లెఫ్టినెంట్ మార్టిన్ సెరెసో, కెప్టెన్ చావు సంగతి బయటపెట్టలేదు, ఆదేశం నమ్మనూ లేదు. పత్రికలు తెచ్చిస్తే దొంగ అచ్చు అన్నాడు. చివరికి ఒక పత్రికలో తన స్నేహితుడి బదిలీ వార్త చూశాకే నమ్మి, జూన్ 2న లొంగిపోయాడు. మొత్తం 337 రోజులు. ముందు రోజే ఇద్దరు సొంత సైనికుల్ని కాల్చి చంపించాడు. స్పెయిన్‌లో ఆయన వీరుడు. నాకు ఆ మొండితనం మీద అంత గౌరవం కలగలేదు. ఎవరికీ అక్కర్లేని ఊరికి కాపలాగా వచ్చి, ఆ ఊళ్లోనే పోయిన మొరేనాస్ మీదే జాలి.

మ్యూజియో దె బాలెర్‌కి ఓ గంట చాలు. పక్కనే ఫిలిప్పీన్స్ అధ్యక్షుడిగా పనిచేసిన మాన్యువెల్ కెసోన్ పుట్టిన ఇంటి నమూనా ఉంది, ఆకుల కప్పుతో చిన్నదే, చూసి వచ్చేయొచ్చు. ఎర్మిటా కొండ మాత్రం సాయంత్రం ఎక్కండి. 1735 డిసెంబరులో ఉప్పెన పాత ఊరిని మింగేస్తే కొన్ని కుటుంబాలే ఆ కొండెక్కి బతికాయట. ఆ పరుగును శిల్పాలుగా పెట్టారు. దితుమాబో జలపాతానికి గైడ్ తప్పనిసరి, వాగులు దాటాలి, రబ్బరు చెప్పులతో పోవద్దు. జలపాతం పెద్దదే, కానీ శని, ఆదివారాల్లో జనం విపరీతం.

శాకాహారులకి ఇబ్బందే. అన్నంలో గుడ్డు కూడా వద్దంటే వంటాయన మొహం చూసి తీరాలి. అయితే పాకో సలాడ్ అడగండి. ఫెర్న్ మొక్క లేత చిగుళ్లు, టమాటా, ఉల్లిపాయ, వెనిగర్. కరకరలాడుతుంది, మన తోటకూర కాడలకన్నా కొంచెం జిగురు. చర్చి చూసి వచ్చిన మధ్యాహ్నం అది తింటుంటే గుమ్మడి ఆకులు గుర్తొచ్చి ఇంకో ప్లేటు తెప్పించాను.

జూన్ 30న వెళ్లే ఆలోచన ఉంటే గది ముందే పట్టుకోండి. 2003లో చేసిన చట్టం ప్రకారం అది ఫిలిప్పీన్స్–స్పెయిన్ స్నేహ దినం. బాలెర్‌లో ఆ రోజు ఉత్సవం జరుగుతుంది, ఖాళీ గది దొరకడం కష్టం.