గోదావరి డెల్టాలో గద్దల కోసం: ఎక్కడ దిగాలి, ఏ వేళకు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలమని అందరికీ తెలుసు. దాంతోపాటు తిథి కూడా చూసుకోవాలి. అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూ పోటు పెద్దది, ఆటుకు బురదనేల చాలా దూరం తేలుతుంది. అష్టమి రోజుల్లో అంత తేడా ఉండదు. బురద తేలితే ఉల్లంకి పిట్టలు దిగుతాయి, వాటి కోసం బైరిడేగ వస్తుంది. పోటు వేళ రోజూ ముప్పావుగంటకు పైగా ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు.

కోరింగ మడ అడవికైతే కాకినాడలో దిగడమే మేలు. యానాం బస్సు అటే పోతుంది. అడవిలో చెక్కబాట మీద నడక బాగుంటుంది గానీ, గద్దలకు అది రెండో రకం. కొమ్మలు ఆకాశాన్ని కమ్మేస్తాయి, ఎవరు నడిచినా పలకలు ఊగి స్టాండు మీది స్కోపు (ఒంటికంటి దుర్భిణి) వణుకుతుంది. పడవ నయం. అయితే ఆటుకు కాలవలో నీళ్లు చాలకపోతే అదీ కదలదు, టికెట్టుకు ముందే అడగాలి. నలుగురైదుగురు కలిసి పడవ మొత్తం మాట్లాడుకుంటే ఇంజను ఆపమనే వీలుంటుంది. బైనాక్యులర్ 8×42 (8 రెట్లు, 42 మి.మీ. అద్దం) చాలు. 12 రెట్లదైతే పడవ ఊపుకి బొమ్మ నిలవదు. మరీ తెల్లవారుజామున పరుగెత్తక్కర్లేదు, ఎండకు గాలి వేడెక్కాకే పెద్ద గద్దలు చక్కర్లు కొడతాయి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది గరుడపక్షి పిల్ల దగ్గర. పెద్దదైతే తెల్లతల, ఇటుకరంగు ఒళ్లు, చిక్కేమీ లేదు. పిల్లది గోధుమరంగులో ఉండి మామూలు గద్దలా కనిపిస్తుంది. తోక చూడండి: మామూలు గద్దకు చీలిక ఉంటుంది, గరుడపక్షికి గుండ్రంగా ఉంటుంది. తెల్లపొట్ట సముద్రపు గద్ద రెక్కలు పైకెత్తి తేలుతుంది, తోక పొట్టి. చేపలు పట్టే గద్ద ఆస్ప్రే, దాని రెక్కలు మణికట్టు దగ్గర వంగి ఉంటాయి, కంటి మీదుగా నల్లపట్టీ. కాళ్లు ముందుకు చాచి నీళ్లలో పడుతుంది, చేపను తల ముందుకు పెట్టి మోసుకుపోతుంది. వరిచేల మీద, తుంగ మీద తక్కువ ఎత్తులో ఊగుతూ పోయేది మార్ష్ హారియర్ అనే చిత్తడినేలల గద్ద.

రొయ్యల చెరువు పట్టుబడి ఉందంటే ఆగి చూడండి, గద్దలు గుంపుగా చేరతాయి. గట్టు ఎక్కేముందు రైతును అడగాలి. పిట్టలు వాలకుండా కట్టిన తీగలు కళ్లకు ఆనవు, తట్టుకుంటారు.

దిండిలో బస హాయి, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డు, కొబ్బరితోటలు. కుటుంబంతో వస్తే సరే. గద్దల కోసమే అయితే సముద్రం దూరం, కొబ్బరిమట్టల సందుల్లోంచి చూడాలి. అంతర్వేది అంతకన్నా మంచిది, నది సముద్రంలో కలిసే చోట ఆకాశం విశాలం. పొద్దున సముద్రం వైపు ఎదురెండ పడుతుంది కాబట్టి సాయంత్రం వెళ్లండి. నరసాపురం నుంచైతే పంటు (బండ్లనూ మనుషులనూ నది దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లికి దాటాలి, చివరి పంటు ఎప్పుడో ముందే కనుక్కోవాలి. మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం రోజుల్లో మాత్రం అటు పోకండి, గదులు దొరకవు, రేవు నిండా జనం.