పవిత్ర రోమన్ సామ్రాజ్యంతో ఇరుక్కున్నారా? ‘అన్‌లాక్ ప్యాక్’ మాత్రం కొనకండి

మధ్యయుగపు రాజ్యాలతో ఆడే కంప్యూటర్ యుద్ధ ఆట ‘మెడీవల్ 2: టోటల్ వార్’ ఆడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆటలో మూసి ఉన్న రాజ్యాలన్నీ తెరిపిస్తామంటూ ‘అన్‌లాక్ ప్యాక్’ పేరుతో డబ్బు తీసుకునేవాళ్లు తిరుగుతున్నారు. పోయిన నెల నేను 499 రూపాయలు కట్టి ఒకటి కొన్నాను. డబ్బు పోతే పోయింది, మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని ఆడిన కాంపెయిన్ (ఒక రాజ్యాన్ని తీసుకుని మొదటి నుంచి నడిపే పొడవాటి ఆట) మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పైగా వాళ్లు అమ్మిన పని పైసా ఖర్చు లేకుండా ఎవరికి వాళ్లు చేసుకోగలిగిందే.

2006లో వచ్చిన ఈ ఆటను మొదటిసారి తెరిస్తే ప్రధాన కాంపెయిన్‌లో ఐదే రాజ్యాలు కనిపిస్తాయి: ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్, వెనిస్, పవిత్ర రోమన్ సామ్రాజ్యం. మ్యాప్ మీద పెద్దగా, నిండుగా కనిపించేసరికి చాలామంది ఆ చివరిదాన్నే ఎంచుకుంటారు. నేనూ అంతే. ఆరు చోట్లు చేతిలో ఉంటాయి: ఫ్రాంక్‌ఫర్ట్, న్యూరెంబర్గ్, స్టాఫెన్, ఇన్స్‌బ్రుక్, వియన్నా, బొలోన్యా. బలంగానే ఉన్నాం అనిపిస్తుంది. పదిహేను టర్న్‌లు (ఒక్కో టర్న్ అంటే ఒక వంతు, ఆటలో రెండేళ్లు) గడిచాక అసలు సంగతి తెలుస్తుంది. పడమర ఫ్రాన్స్, ఉత్తరాన డెన్మార్క్, తూర్పున పోలండ్, హంగరీ, దక్షిణాన మిలాన్, వెనిస్. వీళ్లందరికీ మధ్యలో మనం. బొలోన్యా అయితే ఆల్ప్స్ కొండలకు అవతల ఒంటరిగా ఉంటుంది. అక్కడికి సైన్యం పంపితే చేరేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

వీటన్నిటి పైన పోప్. ఈ ఆట 1080లో మొదలవుతుంది. చరిత్రలో సరిగ్గా అదే ఏడాది పోప్ ఏడవ గ్రెగొరీ, ఈ సామ్రాజ్యాన్ని ఏలిన జర్మన్ రాజు నాలుగవ హెన్రీని రెండోసారి మతం నుంచి వెలివేశాడు. అంతకు మూడేళ్ల ముందు, 1077లో, అదే హెన్రీ కనోసా కోట దగ్గర మంచులో నిలబడి క్షమాపణ వేడుకున్నాడు. ఆ చరిత్ర చదివాకే ఆటలో ఈ రాజ్యం ఇంత కష్టంగా ఎందుకుందో నాకు అర్థమైంది. తోటి క్యాథలిక్ రాజ్యం మీద దాడి చేస్తే పోప్ ఆపమంటాడు. వినకపోతే వెలి. వెలి పడితే పట్టణాల్లో అశాంతి పెరుగుతుంది, మన మీదకే క్రూసేడ్ (పోప్ పిలుపు మీద జరిగే మతయుద్ధం) రావచ్చు. నా ఆటలో యుద్ధం మొదలుపెట్టింది మిలాన్. నేను తిరిగి ముట్టడి వేయగానే హెచ్చరిక మాత్రం నాకొచ్చింది.

64వ టర్న్‌కు, అంటే ఆట లెక్కలో 1206 నాటికి, ఖజానా అడుగంటింది. బొలోన్యా పోయింది. వెనిస్ సైన్యం ఇన్స్‌బ్రుక్ ముందు దిగింది. టెన్షన్‌తో వేరే రాజ్యానికి మారదామని వెతుకుతుంటే ఒక మెసేజింగ్ గ్రూపులో ప్రకటన కనిపించింది. పదిహేడు రాజ్యాలూ ఒక్క క్లిక్‌తో ఓపెన్, పాత సేవ్ గేమ్స్ భద్రం అని రాశారు. ఆ ప్రకటన పెట్టినవాణ్ని అడిగితే, “బ్రో, వంద మందికి ఇచ్చాం, ఒక్క కంప్లయింట్ లేదు” అన్నాడు. యూపీఐలో డబ్బు పంపాక ఒక జిప్ ఫైల్ ఇచ్చాడు. యాంటీవైరస్ ఆపి రన్ చేయమన్నాడు. అక్కడే ఆగాల్సింది. మీరు ఆగండి. ఆట ఫైల్‌లో నాలుగు పేర్లు మార్చడానికి యాంటీవైరస్ ఆపాల్సిన పనే లేదు.

ఆ ప్యాక్ నా గేమ్ ఫోల్డర్‌ను తీసేసి తన కాపీని పెట్టింది. ఈ ఆటలో సేవ్ ఫైళ్లు కూడా ఆ గేమ్ ఫోల్డర్‌లోనే, ‘సేవ్స్’ అనే చోట ఉంటాయి. అవన్నీ పోయాయి. సేవ్‌లు ఏమయ్యాయని అడిగితే, “అవి రికవర్ చేయాలంటే ఇంకో 300 అవుతుంది” అన్నాడు. ఇవ్వను అన్నాను. నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

తర్వాత ఆ ప్యాక్‌లో ఏముందో తెరిచి చూశాను. పనికొచ్చే మార్పు ఒకే ఒక్క టెక్స్ట్ ఫైల్‌లో ఉంది. ఆ మార్పు మీరే చేసుకోవచ్చు. గేమ్ ఫోల్డర్‌లో డేటా, అందులో వరల్డ్, మ్యాప్స్, కాంపెయిన్, ఇంపీరియల్ కాంపెయిన్ వరకు వెళ్తే ‘డెస్క్ర్ స్ట్రాట్’ (descr_strat) అనే ఫైల్ ఉంటుంది. ముందు దాని కాపీ ఒకటి వేరేచోట దాచండి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైనే ‘ప్లేయబుల్’, ‘అన్‌లాకబుల్’ అని రెండు జాబితాలు కనిపిస్తాయి. రెండో జాబితాలోని పేర్లు కట్ చేసి మొదటి జాబితాలో పేస్ట్ చేసి సేవ్ చేస్తే చాలు. దాని కింద ‘నాన్‌ప్లేయబుల్’ జాబితాలో ఉన్న పోప్ రాజ్యం, మంగోల్, తైమూరిద్, అజ్టెక్ వంటి వాటి జోలికి పోకండి. ఈ మార్పు కొత్తగా మొదలుపెట్టే కాంపెయిన్‌కే పనిచేస్తుంది, పాత సేవ్‌లను ఏమీ చేయదు. ఫైల్ ముట్టుకోవడం ఇష్టం లేకపోయినా దారి ఉంది: ఆటలో మీరు ఓడించి తుడిచేసిన రాజ్యం తెరుచుకుంటుంది, కాంపెయిన్ గెలిస్తే మిగతావీ తెరుచుకుంటాయి.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు ఒక మాట. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతేనే డబ్బు తిరిగి ఇస్తారు. ఈ సామ్రాజ్యంతో మొదటి రెండు గంటలు హాయిగానే గడుస్తాయి, కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. కాబట్టి ఆట నచ్చిందో లేదో చూడటానికి ఇంగ్లండ్‌తోనో ఫ్రాన్స్‌తోనో మొదలుపెట్టండి.

సామ్రాజ్యంతోనే ఆడతామంటే, ప్యాక్ కోసం వెతికే స్థితికి రాకుండా నాకు పనికొచ్చినవి చెబుతాను. మొదట్లో చుట్టూ తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఊళ్లు చాలా ఉంటాయి: హాంబర్గ్, మాగ్డెబర్గ్, ప్రాగ్, మెట్జ్, ఆంట్‌వెర్ప్, బెర్న్, ఫ్లోరెన్స్. వీటిని పట్టుకుంటే పోప్ ఏమీ అనడు. పొరుగువాళ్లు కూడా వీటి మీదే కన్నేస్తారు కాబట్టి ఆలస్యం చేయకూడదు. నేను మొదటిసారి వీటిని వదిలేసి ఏకంగా మిలాన్ మీదకు సైన్యం కట్టాను, ఖజానా అక్కడే పోయింది. హాంబర్గ్ మీరు తీసుకోకపోతే డెన్మార్క్ తీసుకుంటుంది, ఫ్లోరెన్స్ అయితే బొలోన్యాకు తోడు అవుతుంది. పట్టణాల్లో కాపలాకు మిలీషియా (ఊరి పౌరుల) దళాలనే ఉంచండి, వాటిలో కొన్నిటికి జీతం ఉండదు. కోటల కన్నా పట్టణాలకు ఆదాయం ఎక్కువ, అందుకే సరిహద్దుకు దూరంగా ఉన్న కోటను పట్టణంగా మార్చడం లాభం. చర్చిలు కట్టండి, మతబోధకులను పెంచండి. వాళ్లు కార్డినల్స్ (పోప్‌ను ఎన్నుకునే చర్చి పెద్దలు) అయితే తర్వాతి పోప్ ఎన్నికలో ఓటు మీకూ ఉంటుంది. క్రూసేడ్ పిలుపు వస్తే ఒక సైన్యాన్ని పంపండి, పోప్ దగ్గర మంచిపేరు వస్తుంది. ఇద్దరు పొరుగువాళ్లతో ఒకేసారి యుద్ధం మాత్రం వద్దు.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబరు దాచండి. వాళ్లు గ్రూపులోంచి తీసేస్తే చాట్ కనిపించకుండా పోవచ్చు, అందుకే ముందే తీసి పెట్టుకోండి. నేను నాలుగు రోజులు ఆలస్యంగా ఫిర్యాదు చేశాను, ఇంకా జవాబు కోసం చూస్తున్నాను. వాళ్ల ఫైల్ రన్ చేసి ఉంటే పూర్తి స్కాన్ చేసి, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి.

నేను ఆటను శుభ్రంగా తీసేసి మళ్లీ ఎక్కించాను. అదే సామ్రాజ్యంతో కొత్త కాంపెయిన్‌లో 31వ టర్న్‌కు వచ్చాను. ఫ్లోరెన్స్, హాంబర్గ్, ప్రాగ్ నా చేతిలో ఉన్నాయి, బొలోన్యా ఇంకా పోలేదు. రోజూ ఆట ముగించగానే సేవ్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను.