డిసేబులా, అన్‌ఇన్‌స్టాలా? అక్కర్లేని వర్చువల్ అడాప్టర్లు

విజీనారం, సిక్కోలు వైపు ఇంజినీరింగ్ పిల్లల లాప్‌టాప్ ఏది తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ల లిస్టు చూసినా అంతే, పనికొచ్చేది వైఫై ఒక్కటే, మిగతాదంతా వర్చువల్, అంటే సాఫ్ట్‌వేర్ సృష్టించిన ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డులు: ల్యాబ్ కోసం వేసిన వీఎంవేర్ తాలూకు వీఎంనెట్1, వీఎంనెట్8, వర్చువల్‌బాక్స్ హోస్ట్ ఓన్లీ, ఎప్పుడో వాడి వదిలేసిన వీపీఎన్‌ది ఒకటి.

డిసేబుల్ తేలిక. విండోస్ ఆర్ కొట్టి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ టైప్ చేస్తే అడాప్టర్ల లిస్టు వస్తాది, అక్కర్లేనిదాని మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ కొడితే అయిపోయింది, కావాలంటే మళ్లీ ఎనేబుల్. సెమిస్టర్ మధ్యలో ఉన్నోళ్లకి నేనిదే చెప్తాను. ఐపీ అడ్రస్‌లు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్‌లో 192.168.56.1 లాంటి వర్చువల్ అడాప్టర్ల అడ్రస్‌లు కనబడవు, లాన్ గేము తప్పు అడాప్టర్ పట్టుకోదు. డ్రైవరు మాత్రం అలాగే ఉంటాది.

అన్‌ఇన్‌స్టాల్‌లోనే ఉంది తిరకాసు. వర్చువల్‌బాక్స్ ఉంచుకుని హోస్ట్ ఓన్లీ అడాప్టర్ ఒక్కటే పీకీసారనుకోండి, దాని మీద సెట్ చేసిన వర్చువల్ మెషీన్ స్టార్టే అవ్వదు. అసలు సాఫ్ట్‌వేరే అక్కర్లేదంటే ముందు దాన్ని తీసీండి, మామూలుగా అడాప్టర్ కూడా దానితోనే పోద్ది. ఇంకా మిగిలితే డివైస్ మేనేజర్‌లో వ్యూ, షో హిడెన్ డివైసెస్ పెట్టండి, పాతవి మసకగా కనబడతాయి, అవి తీసెయ్యొచ్చు. వాన్ మినీపోర్టులు, వైఫై డైరెక్ట్ విండోస్‌వే, వాటి జోలికెళ్లకండి.

ఇవన్నీ తీస్తే నెట్ స్పీడైపోద్దని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఊరికే పడున్న అడాప్టర్ స్పీడేటి తినదు.